పదునారవ పాలు

తీర్థయాత్ర కాలినడకను చేయవలెనని మన పెద్దల శాసనము. మత్స్యపురాణమందలి ప్రయాగమాహాత్మ్యమున ఈ విషయము కొంత కఠినముగనే చెప్పబడినది. ఎద్దునెక్కి తీర్థమునకు పోవువాని తర్పణజలమును పితృదేవతలు గ్రహింపరనియు, ఐశ్వర్యగర్వముచేతగాని లోభమోహములచేతగాని వాహనమెక్కి పోవువాని యాత్ర నిష్ఫలమనియు మార్కండేయమహర్షి ధర్మరాజునకు బోధించెను. తరువాతి కాలమున వెలసిన ధర్మశాస్త్ర నిబంధములు ఇంకొక లెక్కను గూడ తేల్చినవి. వేరొక పనిమీద పోవుచు దారిలో తీర్థమును సేవించినవానికి ఫలములో సగము మాత్రమే దక్కును. పరుల నిమిత్తమై, వారిచ్చు కూలికొరకై పోయినవానికి 16వ పాలు.

ఈ లెక్కను చదివిన ఆస్తికునకు ఒక సందేహము కలుగక మానదు. అలిపిరి వద్ద భక్తులు తమ సంచులను దేవస్థానమువారి కౌంటరులో అప్పగించి, గోవిందనామము చెప్పుకొనుచు 3550 మెట్లును ఎక్కుదురు. వారు కొండమీదికి చేరులోపల వారి సంచులు ఘాటురోడ్డు మీదుగా లారీలో పోయి వారికొరకు పైన వేచియుండును. మెట్లెక్కినవానికి పూర్ణఫలమును, సంచులు మోసిన లారీ నడిపినవానికి పదునారవ పాలునా? పైగా ఆ సంచులను నెత్తిన పెట్టుకొని ఎక్కవలసివచ్చినచో ఎందరు మోకాళ్ళ పర్వతము దాటగలరు? ఎక్కినవాని పుణ్యములో మోసినవాని పాలు ఎంత? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దానిని లాగినకొలది కర్తృత్వమును గూర్చిన వేదాంతమంతయు వెంట కదలి వచ్చును.

ఈ ప్రశ్నకు మంచి నికషము బొగ్గుగనుల సీమలో దొరకును.

సింగరేణి గనుల చరిత్రకును తీర్థయాత్రకును ఒక చుట్టరికము కలదని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. భద్రాద్రిరాముని సేవించుటకై పోవుచున్న యాత్రికులు ఇల్లెందు దాపున వంటకై మూడు నల్లరాళ్ళను పొయ్యిగా పేర్చి మంట వేయగా, కట్టెలతోపాటు రాళ్ళును అంటుకొని మండెనట. ఆ కథ ఎట్లున్నను, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీవారు గనుల హక్కును పొందుటయు, 1889లో అక్కడ బొగ్గు తీయుట మొదలగుటయు చరిత్రకెక్కిన విషయములు. ఆ గనులే క్రమముగా గోదావరి పొడవునను పైకి ప్రాకి బెల్లంపల్లి, మందమర్రి, రామగుండము వరకు వ్యాపించినవి. రామగుండమునకు ఆ పేరు అక్కడి రాముని గుండములనుబట్టి వచ్చినదని స్థానికుల నమ్మకము. దానిని ఆనుకొనియున్న గోదావరిఖని పేరులో పుణ్యనదియు, గనియు రెండును ఒక్కచోట కూడియున్నవి. ఊరిపేర్లు ఇంత అర్థవంతముగా కుదురుట అరుదు.

ఆ పట్టణమునుండి ఎగువకు కొలదిదూరమున ధర్మపురి లక్ష్మీనరసింహుడు గోదావరి ఒడ్డున కొలువైయున్నాడు. అదే గోదావరి వాసిష్ఠీశాఖగా సముద్రమున కలియుచోట అంతర్వేది లక్ష్మీనరసింహుడు కొలువైయున్నాడు. బొగ్గుబావిలో పనిచేయు ఎనమండుగురు ధర్మపురిలో మ్రొక్కుకొని సైకిళ్ళమీద బయలుదేరినారనుకొందము. మంథని, కాళేశ్వరము, భద్రాచలము, రాజమహేంద్రవరముల మీదుగా ఏటితోపాటు సాగి, అంతర్వేదిలో సముద్రమును చూచి, అక్కడినుండి తీరము పట్టుకొని బందరు, బాపట్ల, ఒంగోలు, నెల్లూరు మీదుగా తిరుమల చేరవలెనని వారి సంకల్పము. వారివెంట ఒక వ్యాను. అందులో పరుపులు, గ్యాసుపొయ్యి, నీటిడబ్బాలు, మందులపెట్టె, విడిచక్రములు, గాలిపంపు. దానిని నడుపుటకు ఒక డ్రైవరు. అతడే వంటయు చేయును. అతనికి దినమునకింతయని కూలి. ఇది ఏ ఒక్క యాత్రయొక్క వృత్తాంతమును కాదు. ఇట్టివానిలో జరుగునదానినే ఒక దినమునకు కుదించి చూచుట.

సైకిలును గూర్చి శాస్త్రము ఏమనునని అడుగవచ్చును. శాస్త్రకారులు దానిని ఎరుగరు. కాని వారు వాహనమును నిషేధించుటకు చెప్పిన హేతువులు రెండు. ఎద్దు బాధపడుట ఒకటి. ఎక్కినవానికి గర్వము కలుగుట రెండవది. సైకిలునకు ఎద్దు లేదు. ఎక్కినవాడే ఎద్దు. గర్వము మాటయో, అది కాలినడకన పోవువానికిని కలుగవచ్చును. తరచుగా వానికే ఎక్కువ కలుగును.

ఆ దినము మాఘమాసమున భీష్మైకాదశి మరునాడు. ముందునాడు అంతర్వేదిలో స్వామి రథోత్సవమును కన్నులార చూచిన ఎనమండుగురును తెల్లవారక మునుపే లేచి సఖినేటిపల్లి రేవునకు చేరిరి. అచ్చట ఏరు దాటి నరసాపురము చేరుట దగ్గరదారి. వారు సైకిళ్ళతోసహా పడవనెక్కిరి. వ్యాను మాత్రము చించినాడ వంతెనమీదుగా చుట్టు తిరిగి పాలకొల్లునుండి వచ్చి వారిని కలిసికొనవలెను. ఏటిమీద మంచు ఇంకను విడలేదు. గోదావరి తమ ఊరి ముందర పారునపుడు ఒడ్డు కనబడుచుండెడిది; ఇక్కడ ఉప్పునీటి వాసనతో, సముద్రపు పోటుతో అది వేరొక నదివలె తోచెను. వారిలో ఒకడు దోసిట నీరు తీసి రుచి చూచి నవ్వెను.

నరసాపురము దాటిన పిమ్మట 216వ జాతీయరహదారి పట్టి పోవుచుండగా ప్రయాణము సుఖముగా సాగెను. కొబ్బరితోటలు పలుచబడి, రొయ్యలచెరువులు, సరుగుడుతోపులు వచ్చెను. చెరువులలో గాలి కలిపెడి చక్రములు నురుగు లేపుచు తిరుగుచుండెను. కొండ లేదు, మిట్ట లేదు. అయినను సముద్రతీరపు దారి సుఖమైనదని అనుకొనరాదు. ప్రొద్దెక్కినకొలది సముద్రమునుండి గాలి లేచును. ఎత్తును ఎక్కువానికి దిగుడు ఉన్నదను ఆశ కలదు. ఎదురుగాలి వీచునపుడు అట్టి ఆశయు ఉండదు. లోసరి వద్ద ఉప్పుటేరు వంతెన దాటుసరికి వారిలో ఏబది దాటిన ఒకనికి ఊపిరి అందలేదు. ఇరువదియేండ్లకు పైగా భూగర్భమున బొగ్గుధూళిని పీల్చిన రొమ్ము అది. రోడ్డుప్రక్కను సైకిలు పడవైచి మోకాళ్ళమీద చేతులూని నిలచిపోయెను. వెనుక మెల్లగా వచ్చుచున్న వ్యాను ఆగినది. డ్రైవరు దిగి, మారుమాటాడక సైకిలును పైన కట్టి, అతనిని ముందుసీటులో కూర్చుండబెట్టి, నీరు త్రాగించెను.

అతడు కన్నీరు పెట్టుకొనెను. "నా మొక్కు ఖరాబైంది తమ్మీ. కొండదాక తొక్కుతనని నర్సన్నకు మాటిచ్చిన" అనెను.

డ్రైవరు చక్రము త్రిప్పుచునే, "బాయిలకు నువ్వొక్కనివే దిగినవా అన్నా ఏనాడన్న?" అని అడిగెను.

ఆ మాట అతనికి అర్థమగుటకు కొంతసేపు పట్టినది. ఎరుగనివారికి కొంచెము వివరింపవలసియున్నది. బొగ్గుబావిలో బొగ్గుముఖము వద్ద నిలచి పనిచేయువాడు ఒంటరివాడుగా కనబడును. చీకటి, నెత్తిన దీపము, ఎదుట నల్లగోడ. కాని ఆ దీపమును పైన ల్యాంపురూములో ఒకడు విద్యుత్తు నింపి యిచ్చెను. అతడు పీల్చు గాలిని పైన ఒక పెద్ద పంకా లాగుచున్నది. అది ఆగినచో లోపలివారిని వెనుకకు రప్పింపవలసినదే. కాలిక్రింద ఊరు నీటిని పంపు నడుపువాడు తోడుచున్నాడు. నెత్తిమీది కప్పు కూలకుండ ఒకడు దన్ను పెట్టినాడు. ఆ కప్పును తట్టి చూచి, మోతను విని, పని చేయవచ్చునని సర్దారు చెప్పినాడు. నిండిన బొగ్గును పైకి లాగుటకు ఇంకొకడు కలడు. టన్ను బొగ్గు వచ్చినదన్నచో అది ఎవరు తీసినది? లెక్కపుస్తకమున ఏ పేరు వ్రాసినను అది అరనిజమే. ఇది ఆ కార్మికుడు ప్రతి పాళీలోను అనుభవించిన విషయము. అయినను సైకిలునెక్కగనే మరచిపోయెను. మరచుట మనుష్యస్వభావము.

గీతాచార్యుడు 18వ అధ్యాయమున సరిగా ఈ విషయమునే చెప్పియున్నాడు. ఏ కర్మ జరుగుటకైనను కారణములు ఐదు: శరీరము, కర్తయగు జీవుడు, ఇంద్రియములు, ప్రాణముల నానావిధ చేష్టలు, ఐదవది దైవము. ఇట్లుండగా తానొక్కడే కర్తనని చూచువాడు సరిగా చూచుటలేదని భగవానుడు ఖండితముగా పలికెను. భగవద్రామానుజులు అక్కడ దైవమనగా అంతర్యామియగు పరమాత్మయే యని వ్యాఖ్యానించిరి. సర్వమునకు ప్రధానకారణము ఆయనయే.

అట్లయినచో వెంటనే ఎదురు ప్రశ్న పుట్టును. అన్నియు ఆయనయే చేయించినచో జీవుడు చేయవలసినదేమి? విధినిషేధములు ఎవరికి? వ్యాను ఎట్లును వచ్చుచున్నది గదా, తొక్కుట దేనికి, అందరును ఎక్కి కూర్చుండవచ్చును గదా? ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. సోమరితనమునకు వేదాంతము నేర్పిన పుణ్యము చాలమంది కట్టుకొన్నదే. రామానుజులు దీనికి ఒక లోకానుభవమును చూపిరి. ఒక పెద్దబండనో మహావృక్షమునో కదలింపవలెనన్నచో పెక్కుమంది కలసి త్రోయవలెను. కదలిక అందరివలనను జరిగినది. అయినను అందులో చేయివేసిన ఒక్కొక్కడును ఆ పనికి కారణమే, ఒక్కొక్కడును తన చేతికి తానే బాధ్యుడు. పదిమంది త్రోసిరి గనుక నాది పదవవంతు బాధ్యతయని ఎవడును అనజాలడు.

ఇక్కడనే నిబంధకారుల లెక్కకును భాష్యకారుల దృష్టికిని గల తేడా బయటపడును. ఫలమును పంచవచ్చును, పాళ్ళు వేయవచ్చును, సగమనియు, పదునారవ వంతనియు వ్రాయవచ్చును. కర్తృత్వమును అట్లు పంచుటకు వీలులేదు. బండను త్రోయువాని భుజము అతనిది పూర్తిగా అతనిదే. అందువలన తొక్కువాడు పూర్తిగా తొక్కవలెను, నడుపువాడు పూర్తిగా నడుపవలెను. అయినను కదలినది తనవలననేయని ఏ ఒక్కడును అనరాదు. ఈ రెండును ఒకేమారు మనస్సున నిలుపుకొనుట కష్టము. ఆ కష్టము కొరకే శ్రీవైష్ణవ గృహములలో నిత్యకర్మకు ముందును వెనుకను సాత్త్వికత్యాగమును చెప్పుకొనుట ఏర్పడినది. కర్తను నేనుకాను, ఈ కర్మ నాది కాదు, దీని ఫలము నాకు కాదు అని ప్రతిదినము ఉదయమున పలికిన నాలుకయే మధ్యాహ్నమున "నూరు కిలోమీటర్లు తొక్కితిని" అని పలుకుచున్నది. చెప్పినది నోటిమాటగా నిలచిపోవుటయే దీనికి కారణము.

మర్కటకిశోర మార్జాలకిశోర న్యాయములను ఎరుగని వైష్ణవుడు ఉండడు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. వడగలై తెంగలై సంప్రదాయములవారు ఈ దృష్టాంతములపై చేసిన విచారము సుప్రసిద్ధము. దానిని తీర్చుట ఇక్కడి పని కాదు. కాని రెండు దృష్టాంతములలోను ఒక అంశము సమానము. కొమ్మనుండి కొమ్మకు దుముకునది తల్లికోతియే. పిల్ల ఎంత గట్టిగా పట్టుకొన్నను ఆ పట్టు ఒక్క జానెడు దూరమునైనను దాటింపలేదు. సైకిలు హ్యాండిలును గట్టిగా పట్టుకొన్న ఏడుగురి వెనుకను, ముందుసీటులో చతికిలబడిన ఒక్కని క్రిందను పోవుచున్నది ఆ ఒక్క వ్యానే.

సహాయమును నిరాకరించుట భక్తిలో ఒక భాగమనుకొను పొరపాటు గొప్పవారికిని కలుగును. తిరుమల మహాద్వారమున కుడివైపు వ్రేలాడదీసిన గునపమును దర్శించని యాత్రికుడు ఉండడు. అది అనంతాళ్వారుల గునపము. రామానుజుల ఆజ్ఞను తలదాల్చి, చలికి, క్రూరమృగములకు వెరవక, స్వామికి పుష్పకైంకర్యము చేయుటకై కొండకు వచ్చిన మహాభాగవతుడాయన. తోటకు నీటికొరకై చెరువు త్రవ్వుటకు పూనుకొనెను. తాను త్రవ్వును, నిండుచూలాలగు ధర్మపత్ని తట్టలతో మట్టిని మోయును. ఆ తల్లి శ్రమను చూచి ఒక బాలుడు వచ్చి, "తట్ట నేను అందుకొందును" అనెను. అనంతాళ్వారులు వలదనిరి. గురువు తమకిచ్చిన పనిలో పరునకు పాలు ఇచ్చుట ఆయనకు ఇష్టము లేదు. బాలుడు చాటుమాటున ఆ తల్లికి సాయపడుచుండగా కనిపెట్టి, కోపించి, చేతిలోని గునపమును విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. తరువాత ఆలయమున అర్చకులు చూడగా స్వామి చుబుకమునుండి రక్తము కారుచుండెను. నేటికిని స్వామి చుబుకమున పచ్చకర్పూరమును అద్దుచున్నది అందుకొరకే.

ఈ కథను మనవారు సాధారణముగా స్వామివారి భక్తవాత్సల్యమునకు ఉదాహరణముగా చెప్పుదురు. అది సరియే. కాని అనంతాళ్వారుల కోపమునకు మూలమేమి? సోమరితనము కాదు, అశ్రద్ధ కాదు, ధనాశ కాదు. తన కైంకర్యము తనదిగానే మిగులవలెనను పట్టుదల. లోకులు దానిని సద్గుణమనియే అందురు. అంతటి పరమభాగవతుని విషయముననే ఆ సద్గుణము ఎవరికి గాయము చేసెనో చూడవలెను. తట్ట అందుకొనుటకు వచ్చిన చేయి ఎవరిదో త్రవ్వువానికి తెలియలేదు. తెలియకపోవుటయే సహజము, సహాయము తన పేరు చెప్పుకొని రాదు. ఆ గునపమును గర్భగుడిలో దాచక, పోవువారందరి తలలకు పైగా ద్వారమునందే వ్రేలాడదీసిన పెద్దల ఉద్దేశ్యమేమో గాని, మెట్లెక్కి వచ్చిన అలసటతో, ఎక్కితినను తృప్తితో లోపల అడుగిడువానికి మొదట కనబడునది అదియే.

గునపము, తట్ట. బొగ్గుబావి కార్మికులకు ఇవి క్రొత్తవి కావు. పూర్వము యంత్రములు రాకముందు గనిలో బొగ్గు నింపు పనిని "తట్టాచెమ్మస్" అనెడివారు. చెమ్మసుతో ఎత్తి తట్టలో వేసి టబ్బుకు మోయుట. ఆ కష్టమునకు గనులలో గొప్ప పేరు ఉండెడిది కాదు. కాని శ్రీమద్రామాయణమున ఆ పనిముట్లనే కోరి చేతపట్టినవాడొకడు కలడు. అయోధ్యాకాండమున లక్ష్మణస్వామి తన్ను అడవికి వెంటగొని పొమ్మని అన్నగారిని వేడుకొనుచు, ధనుస్సుతోపాటు ఖనిత్రమును పిటకమును ధరించి, దారి చూపుచు ముందు నడచెదనని విన్నవించుకొనెను. ఖనిత్రమనగా త్రవ్వుగోల, పిటకమనగా తట్ట. చక్రవర్తి కుమారుడు కోరిన వరము తట్టాచెమ్మసు. వనవాసము విధింపబడినది రామునకు, లక్ష్మణునకు కాదు. నిబంధముల లెక్క ప్రకారము పరార్థము పోయినవాడు గనుక లక్ష్మణస్వామికి పదునారవ పాలు రావలెను. ఏ వైష్ణవుడైనను ఆ లెక్కను అంగీకరించునా? శేషత్వమునకు పరమావధిగా మన ఆచార్యులు చూపునది ఆయననే. కైంకర్యమే ఫలమైనవానికి ఫలములో ఇంత పాలు అని కొలుచుట ఎట్లు?

వాల్మీకి మహర్షి దృష్టి ఇంకను విశాలము. భరతుడు అన్నను వెదకుచు చిత్రకూటమునకు పోవుటకు ముందు, 80వ సర్గమంతయు దారివేసినవారికే కేటాయించెను. నేలస్వభావము నెరిగినవారు, త్రాడుపట్టి కొలుచువారు, త్రవ్వువారు, యంత్రములు నడుపువారు, వడ్రంగులు, నూతులు త్రవ్వువారు, సున్నపు పనివారు, వెదురు పనివారు అని ఒక్కొక్కరిని లెక్కించి చెప్పెను. భరతుని కన్నీటికి కావ్యములో ఎంత చోటు కలదో, ఆ కన్నీరు నడచిపోవలసిన దారిని చదును చేసినవారికిని ఆ కావ్యముననే చోటు కలదు. తరువాతి కవులు ఈ ఘట్టమును సంక్షేపించుటకు మొగ్గుచూపిరి. రసము లేదనుకొనిరి గాబోలు.

అయితే ఇందులో ఒక ప్రమాదమును గుర్తింపవలెను. కైంకర్యమే ఫలమను మాటను సేవ చేయువాడు తనను గూర్చి చెప్పుకొనవచ్చును. సేవ పొందువాడు దానిని ఎదుటివానికి చెప్పరాదు. లక్ష్మణుడు కోరి వచ్చెను. కూలికి వచ్చిన డ్రైవరుకు "నీకు సేవయే ఫలము నాయనా" అని చెప్పి, కూలిలో కోతపెట్టినను, దర్శనమునకు పోనీయక బండి కాపలా పెట్టినను అది వేదాంతము కాదు, దోపిడి. పెద్దపెద్ద యాత్రలలో ఇది జరుగుచునేయున్నది. బస్సులు దిగిన భక్తులు క్యూలలో నిలచి స్వామిని సేవించి, ప్రసాదము గైకొని వచ్చుసరికి, బస్సు నడిపినవాడు అదే మైదానమున చక్రముమీద తలపెట్టుకొని నిద్రించుచుండును. ఆ క్షేత్రమునకు ఏటికి ఏబదిసార్లు వచ్చి, ఒక్కమారైనను ధ్వజస్తంభము దాటనివారున్నారు. వారికి పదునారవ పాలని శాస్త్రము వ్రాసినది నిజమే. దానిని సున్న చేసినది వెంట వచ్చినవారు.

వ్యానులో జరిగినదియు ఇట్టిదే. ఊపిరి నెమ్మదించిన పిమ్మట ఆ కార్మికుడు ఊరకయుండలేక, "అంతర్వేదిల దర్శనం మంచిగైందా తమ్మీ?" అని అడిగెను.

"బండికాడ ఎవరుంటరన్నా? సామాను, పైసలు అన్ని ఇండ్లనే ఉండె. రథం తాళ్ళ సప్పుడు ఇనవడ్డది" అనెను డ్రైవరు.

"భద్రాచలంల?"

"ఆడ గూడ అంతే."

అతనికి తరువాత మాట రాలేదు. పదిదినములుగా ఎనమండుగురు ఆ చేతివంట తినిరి. ఆ చేయి పరచిన పరుపులమీద నిదురించిరి. ఎక్కిన ప్రతిగుడి మెట్టుమీదను గోవిందాయనిరి. తొమ్మిదవవాడు లోపలికి వచ్చెనా యని చూచిన కన్ను లేదు. దుర్బుద్ధివలన కాదు. వారు మంచివారే. సైకిలుమీద ముందుకు పోవువానికి వెనుక వచ్చునది కనబడదు, అంతియే. తాను పడిపోయి ముందుసీటులో కూర్చుండబట్టి కదా ఈ మాట తెలిసినది! మ్రొక్కు చెడినదని ఏడ్చిన ఆ పన్నెండు కిలోమీటర్లలోనే యాత్ర మొత్తమున తనకు తెలియవలసినది తెలిసెనని అతనికి తోచినదో లేదో ఇతరులు చెప్పజాలరు. ఏడ్పు మాత్రము ఆగినది.

మ్రొక్కును గూర్చి ధర్మశాస్త్రజ్ఞుని అడిగినచో సమాధానము కష్టమైనది కాదు. అశక్తత వలన కలిగిన లోపము వ్రతభంగము కాదు. ఆపత్కాలమునకు అనుకల్పములు ఎల్లప్పుడును కలవు. కృత్తివెన్ను దాటిన తరువాత నీడన ఆగినపుడు వానిలో పెద్దవాడు ఈ మాటయే చెప్పెను. కుర్రవాడొకడు మాత్రము, "ఇగ నీది సగం ఫలమే కాకా" అని పరిహాసమాడెను. అందరును నవ్విరి. అతడును నవ్వెను. "సగం గాదురా, పదహారోవంతైనా నాకు సాలు" అని లేచి, పైన కట్టిన సైకిలును దింపించుకొని మెల్లగా తొక్కసాగెను.

కలంకారీ అద్దకములకు పేరొందిన పెడన దాటి, దీపములు పెట్టువేళకు వారు మచిలీపట్టణము చేరి, చిలకలపూడి పాండురంగని సన్నిధికి వచ్చిరి. చిలుకపేరుతో కీరపండరీపురమని దానిని వ్యవహరింతురు. పండరినాథుని కథ అందరును ఎరిగినదే. పుండలీకుడు తలిదండ్రుల పాదములొత్తుచుండగా స్వామి వాకిట నిలచి పిలిచెను. పని నడుమ లేవజాలక పుండలీకుడు ఒక ఇటుకను బయటికి విసరి, దానిమీద నిలువుమనెను. స్వామి నడుమున చేతులుంచుకొని అట్లే నిలచిపోయెను. లోపలివాని పని తీరువరకు బయట వేచియుండిన దేవుడు ఆయన.

వ్యాను ఆగగనే డ్రైవరు అలవాటుచొప్పున పొయ్యి దింపబోయెను. ముందుసీటులో కూర్చుండి వచ్చినవాడు సైకిలు దిగి వచ్చి చేయి చాచి తాళపుచెవి అడిగెను. "వంట మేం జూస్తం. నువ్వు కాళ్ళు గడుక్కొని పో తమ్మీ, హారతి టైమైతున్నది." డ్రైవరు సంశయించెను. "నువ్వు రావా అన్నా?" అనెను.

"నువ్వొచ్చినంక."

డ్రైవరు తాళపుచెవి ఇచ్చి, తక్కిన ఏడుగురితో కలసి గుడిలోనికి పోయెను. అతడు వ్యాను మెట్టుమీద కూర్చుండి, గోడకు ఆనించిన సైకిళ్ళను ఒకమారు లెక్కించుకొనెను. ఎనిమిదియు ఉన్నవి. లోపల గంట మ్రోగుట వినబడినది.